ఎడమకాలి గుర్తు

దాణా కొట్టాయన బస్తాలు దించి తన దారిన తాను పోయి ఉంటే పెద్దకోడలికి ఆ పూట అన్నం సహించేది. అలా పోతే ఆయన దాణా కొట్టాయన ఎందుకవుతాడు? కోళ్ళు పెంచే గుమ్మాలన్నీ తొక్కి, ఒక గుమ్మంలో విన్నది ఇంకో గుమ్మంలో దించితే గానీ ఆయనకు బరువు తీరదు.

"ఏమ్మా, మీ తోటికోడలి కోడిపిల్లల్ని చూశారా?" అన్నాడు బస్తా గోడకు జారేసి. "అన్నీ నీలివే! ఒక్కటంటే ఒక్క నల్లది లేదు. నేను ఇన్ని దొడ్లు తిరుగుతాను, ఇలాంటిది ఎక్కడా చూళ్ళేదమ్మా."

"చూశాలెండి," అంది పెద్దకోడలు. చూడలేదు. "ఏదో ఒక్కోసారి అలా పడుతుంది."

"పడినా అదృష్టమే కదమ్మా," అని ఆయన చల్లగా అనేసి వెళ్ళిపోయాడు. పెద్దకోడలు కోళ్ళకు అప్పుడే వేసిన దాణా మళ్ళీ వేసింది. నీళ్ళ తొట్టి నిండి పొర్లుతున్నా పంపు కట్టేయడం మరిచిపోయింది. అన్నం ముందు కూర్చుని నాలుగు ముద్దలు కలిపి, రెండు తిని, కంచం పక్కకు నెట్టేసింది. కడుపులో మంట పెట్టుకుని ఎవరు మాత్రం ఏం తింటారు?

మంట ఎందుకో చెప్పాలి. ఆ ఇంటి పెద్దాయన, అంటే ఈ కోడళ్ళిద్దరికీ మామగారు, నీలికోళ్ళకు పెట్టింది పేరు. నీలం అంటే మరీ ఆకాశం రంగు కాదు. వాన పడబోయే ముందు మబ్బుకుండే రంగు. ప్రతి ఈకకీ చుట్టూ సన్నగా ముదురు గీత, పని తెలిసిన చెయ్యి కుట్టిన అంచులాగా. ఆ కోళ్ళ కోసం ఎక్కడెక్కడి నుంచో బుట్టలు పట్టుకుని వచ్చేవారు. కానీ ఆ రంగుతో ఒక పేచీ ఉంది. నీలిపుంజునీ నీలిపెట్టనీ జత కడితే పిల్లలన్నీ నీలివి కావు. సగమే నీలివి. మిగతా సగంలో కొన్ని కారునలుపు, కొన్ని తెల్లటి ఒంటి మీద సిరా చిలకరించినట్టు చుక్కలవి. మామగారి వయసంతా ఆ నల్లవాటినీ చుక్కలవాటినీ ఏరి పారేయడంతోనే గడిచింది. "దోషం ఏరేస్తూ పోతే ఎప్పటికో అన్నీ నీలివే పుడతాయి," అనేవాడు. ఆ ఎప్పటికో ఎప్పటికీ రాలేదు.

పెద్దకోడలు కాపురానికి వచ్చిన నాటి నుంచీ ఆయన వెనకే తిరిగింది. గుడ్డును దీపానికి అడ్డంపెట్టి లోపల ప్రాణం పడిందో లేదో చూడడం ఆయన దగ్గరే నేర్చుకుంది. నీలివాటి మందనంతా ఆయన ఆమెకే అప్పగించాడు. "నీ చేతికి కోడి పలుకుతుందమ్మా," అన్నాడొకసారి. ఒక్కసారే అన్నాడు గానీ, ఆ మాటను ఆవిడ బంగారం దాచుకున్నట్టు దాచుకుంది.

తర్వాత చిన్నకోడలు వచ్చింది. గుడ్డలకు రంగులద్దే ఇంటి పిల్ల. గలగలా మాట్లాడుతుంది, పెద్దవాళ్ళ ముందు కూడా పకపకా నవ్వేస్తుంది. వచ్చిన కొత్తలోనే, "అక్కా, నాకూ ఒక నీలి జత ఇవ్వరూ, పెంచుకుంటాను," అని అడిగింది.

"ముందు వీటిని సాకి చూపించు, తర్వాత చూద్దాం," అని పెద్దకోడలు ఏరి పారేయాల్సిన నల్లపిల్లల్నీ చుక్కలపిల్లల్నీ బుట్టకెత్తి ఇచ్చింది. ఆ తర్వాతా ఏ విడతకా విడత ఏరివేతలన్నీ ఆ బుట్టలోకే పోయేవి. నీలి జత మాత్రం పోలేదు. ఆవిడ చెప్పిన ఆ 'తర్వాత' రానే లేదు.

ఇప్పుడేమో ఆ పిల్ల దొడ్లో అన్నీ నీలివేనట!

ఇళ్ళు రెండూ ఒకే గోడకు అటూ ఇటూ. వెనక దొడ్లు రెండింటికీ మధ్య ఇనుప వల. ఆ వలకు చిన్నకోడలు ఈ మధ్యే గోనెపట్టాలు కుట్టి తెరలాగా వేలాడదీసింది. ఆ తెర పడిన రోజు నుంచీ పెద్దకోడలికి కంటి మీద కునుకు లేదు. దాచవలసింది లేకపోతే తెర ఎందుకు? మామగారు చాటుగా మంచి పుంజును ఇచ్చి ఉంటాడా? ఛ, ఆయన అలాంటివాడు కాదు. మరి? రంగుల ఇంటి పిల్ల కదా... ఆలోచన అక్కడికి వచ్చి ఆగింది. రంగు వేస్తోంది! అంతే అయ్యుంటుంది!

దేవుడు మేలు చేశాడో కీడు చేశాడో గానీ, ఆ మధ్యాహ్నమే ఒక పిల్ల వల కిందినుంచి దూరి ఇటు వచ్చేసింది. బూడిదరంగు నూగుతో ముద్దుగా ఉంది. పెద్దకోడలు దాన్ని లటుక్కున పట్టుకుని స్నానాల గదిలో దూరి తలుపేసుకుంది. తడిగుడ్డతో రుద్దింది. రంగు పోలేదు. సబ్బు రాసి రుద్దింది. పిల్ల గోలగోలగా అరిచింది. చివరికి నురగలో నుంచి శుభ్రమైన నీలిపిల్ల, మునుపటికంటే మెరుస్తూ బయటికి వచ్చింది. పెద్దకోడలు దాన్ని పొడిగుడ్డలో చుట్టి, వెచ్చబడేదాకా ఒళ్ళో పెట్టుకుని, "నీ మొహం మండా," అని తిట్టింది.

"అక్కా, మా పిల్ల ఒకటి ఇటొచ్చిందా?" అని తెర అవతలినుంచి కేక.

"వచ్చింది. బురదలో పడింది, కడిగాను."

"అయ్యో, మీకెందుకక్కా అంత శ్రమ!" అని ఆ పిల్ల నవ్వింది. అది మామూలు నవ్వే. కానీ పెద్దకోడలికి ఒళ్ళంతా కారం రాసుకున్నట్టయింది.

ఇది చాలదన్నట్టు ఆ వారంలోనే మామగారు వసారాలో కుర్చీ వేయించుకుని అందరినీ పిలిచాడు. ఆయన కళ్ళకు పొరలు కమ్ముతున్నాయి. రంగులు ఇంకా తెలుస్తున్నాయి గానీ గీతలు తెలియడం లేదు. మనుషుల్ని అడుగుల చప్పుడు బట్టి, కోళ్ళను వేళ్ళతో తడిమి గుర్తుపడుతున్నాడు.

"గుడ్లు పొదిగించే ఆ పొదుగు గది ఇక నావల్ల కాదు," అన్నాడు. "వచ్చే చలికాలం విడతలో మీ ఇద్దరి గుడ్లూ పెట్టెలో చెరో అరలో పెట్టండి. పిల్లలు దిగిన రోజున ఎవరి అరలో నీలివి ఎక్కువుంటే వారికి తాళంచెవి. ఇక కోళ్ళ సంగతి ఏదైనా ఆ తాళంచెవి ఉన్నవాళ్ళదే మాట." ఆయన నడుముకు ఎప్పుడూ వేలాడే ఆ ఇత్తడి తాళంచెవిని చేత్తో తడిమి, "పెద్దమ్మాయ్, చిన్నదాన్ని కాసిని మంచినీళ్ళు తెమ్మను," అన్నాడు.

ఆయనకు అదొక అలవాటు. చిన్నకోడలు ఎదురుగా నిలబడి ఉన్నా సరే, మాట పెద్దకోడలి ద్వారానే వెళ్ళాలి. ఆ పిల్ల నీళ్ళు తెచ్చిచ్చింది. పెద్దకోడలికి ఇదేమీ పట్టలేదు. ఆవిడ చూపంతా తాళంచెవి మీదే. అది ఇరవై మంది చేతుల్లోకి పోయినా ఓర్చుకునేదేమో గానీ, ఈ నవ్వుల పిల్ల నడుముకు వేలాడుతుందంటే మాత్రం ప్రాణం ఒప్పుకోవడం లేదు. ఇన్నేళ్ళ చాకిరీ! ఒళ్ళంతా ఈకలు, గోళ్ళనిండా పెంట, చీర ఎప్పుడు చూసినా దాణా వాసన. నిన్నగాక మొన్న వచ్చినదానికి ఊరికే పోవడమా?

ఇక్కడ ఆ ఇంటి పద్ధతి ఒకటి చెప్పకపోతే కథ ముందుకు నడవదు. పిల్ల గుడ్డులోంచి బయటపడగానే, ఇంకా నూగు తడి ఆరకముందే, రంగేమిటో తెలియకముందే, కాలివేళ్ళ మధ్య పొరకు చిన్న చిల్లు పెడతారు. దానికొక పట్టకారు ఉంది, టిక్కెట్లకు చిల్లు పెట్టేదానిలాంటిది. పెద్దకోడలి కోళ్ళకు ఎడమకాలికి చిల్లు, చిన్నకోడలి వాటికి కుడికాలికి. ఎప్పుడో ఒక పుంజు నీదా నాదా అని మామగారికీ ఆయన అన్నగారికీ మాటలు పోయాయి, మళ్ళీ కలవనే లేదు. అప్పుడు పెట్టాడాయన ఈ నియమం. గుర్తు ఎవరిదో కోడి వారిది, ఆ కోడి వల్ల వచ్చిన పేరూ వారిదే. దాని మీద ఇక ఎవరూ నోరెత్తకూడదు.

నెలలు గడిచాయి. చిన్నకోడలి నీలిపిల్లలు పెరిగి పుంజులూ పెట్టలూ అయ్యాయి. తెరలో చిన్న కంత వెతికి పెట్టుకుని పెద్దకోడలు రోజూ వాటిని చూస్తూ కుళ్ళిపోయేది. వాటిలో ఒక పుంజు మరీ అందగాడు. దాని తోక, దాని నడక! అన్నీ నీలివే పుట్టిన సంతానం కదా, ఆ రక్తంలో దోషమే లేదన్నమాట. అలాంటి పుంజు తన పెట్టలతో కలిస్తే...

ఒకరోజు చిన్నకోడలు బజారుకు వెళ్ళింది. పెద్దకోడలు తన నీలిపుంజునొకదాన్ని కొంగు కింద పెట్టుకుని వల తలుపు తీసుకుని అటు వెళ్ళింది. రెండూ నీలివే, రెండూ ఒకే ఈడువి, తేడా ఎవరికి తెలుస్తుంది? అందగాడిని ఒడిసి పట్టుకుని, తనదాన్ని అక్కడ వదిలింది. ఆ మూల ఇంకొక గూడు, దాని చుట్టూ కూడా గోనెపట్టా. తీసి చూద్దామని చెయ్యి వేసిందో లేదో వీధి గడియ చప్పుడైంది. ఒక్క పరుగున ఇవతలికి వచ్చి పడింది. కాళ్ళ సంగతి ఆ కంగారులో ఆవిడకు తట్టనే లేదు. చిల్లులు పెట్టిన చెయ్యే చిల్లుల్ని మరిచిపోయింది. అసూయ కళ్ళకు కట్టే గంత అలాంటిది మరి.

సాయంత్రం ఆవిడ మొగుడు, అంటే ఆ ఇంటి పెద్దకొడుకు, పిల్లల్ని దుకాణాలకు చేరవేసే వ్యాను కడిగి లోపలికి వస్తూ దొడ్లో ఆగాడు. "ఈ పుంజు కొత్తగా ఉందే?"

"కోళ్ళ మొహాలు బానే గుర్తుంటాయి మీకు. పెళ్ళిరోజు మాత్రం గుర్తుండి చావదు," అంది పెద్దకోడలు. ఆయన మళ్ళీ పుంజు ఊసెత్తితే ఒట్టు.

కాళ్ళ గుర్తు సంగతి ఆవిడకు ఆ రాత్రి పడక మీద తట్టింది. లేచి కూర్చుంది. వెళ్ళి మార్చుకొస్తే? మార్చుకొస్తే తాళంచెవి పోతుంది. పట్టుబడితే పరువు పోతుంది. అటూ ఇటూ ఆలోచించి, ఆ పిల్ల నవ్వు గుర్తొచ్చి, మళ్ళీ పడుకుంది.

పిల్లలు దిగే రోజు వచ్చింది. పొదుగు గదిలో గుడ్లపెట్టె నుంచి వెచ్చటి ఆవిరి, గుడ్డుపెంకుల వాసన. మామగారు తలుపు దగ్గర నిలబడ్డాడు. మొదట పెద్దకోడలి అర లాగారు.

నీలివి ఉన్నాయి. నల్లవీ ఉన్నాయి. పాలిపోయిన చుక్కలవీ ఉన్నాయి. ఎప్పటిలాగే సగానికి సగం.

పెద్దకోడలు అరలోకి మరీ వంగి చూసింది. ఆ అందగాడు కూడా ఇంతేనా? మందు పెట్టి ఉంచిందా ఏం పుంజుకి?

తర్వాత చిన్నకోడలి అర లాగారు. మామగారు బాగా వంగి, మొహం పిల్లలకు ఆనేంత దగ్గరగా పెట్టి, ఈ చివరి నుంచి ఆ చివరికి చూశాడు. "ఇదేమిటర్రా!" అన్నాడు. "నల్లనిది ఒక్కటీ కనపడదే! తెల్లనిదీ లేదు!" ఆయన గొంతు వణికింది. జీవితమంతా చూడాలనుకున్న అర అది.

ఆ వణుకు విన్నాక పెద్దకోడలికి అరికాలి మంట నెత్తికెక్కింది. "అలా ఊరికే ఎలా వస్తాయి మామయ్యా? వీటి తల్లుల్ని చూపించమనండి. ఆ గోనెపట్టాల వెనకాల ఏం దాచిందో ముందు అది తేల్చండి!"

"దాచడమేంటక్కా?" అంది చిన్నకోడలు. "మీ పుంజులు మా పుంజును చూస్తే చాలు, మొహాలు పగిలేలా వల మీద పడి కొట్టుకుంటున్నాయి. ఒకదాన్నొకటి చూసుకోకుండా కట్టాను. రండి, చూద్దురుగాని."

అందరూ అటు నడిచారు. ఆ పిల్ల మూలగూటికి కట్టిన పట్టా పక్కకు లాగింది. లోపల కాకుల్లాంటి నల్లపెట్టలు కొన్ని. వాటి మధ్య ఒక పుంజు, తెల్లటి ఒంటి నిండా సిరాచుక్కలు. నీలిది ఒక్కటంటే ఒక్కటీ లేదు.

"ఇవా?" అని పెద్దకోడలు నవ్వబోయింది. "ఈ చెత్తకి నీలివి పుట్టాయా? ఎవరి చెవిలో పూలు పెడతావే?"

మామగారు చుక్కలపుంజును అందివ్వమని చెయ్యి చాచాడు. దాన్ని చంకలో అదిమిపట్టి, వేళ్ళతో దాని కాళ్ళు తడిమాడు. కుడికాలు. ఏమీ లేదు. ఎడమకాలు. ఆయన వేలు ఒకచోట ఆగింది. ఒక నల్లపెట్టను అడిగి తీసుకున్నాడు. ఎడమకాలు. ఇంకోటి. ఎడమకాలే.

"పెద్దమ్మాయ్," అన్నాడు, "ఇవన్నీ నీ గుర్తువి!"

తను బుట్టలకెత్తి ఇచ్చిన ఏరివేతలు పెద్దకోడలికి అప్పుడు గుర్తొచ్చాయి.

"నల్లదానికీ చుక్కలదానికీ నీలం పుట్టడమా! నేను ఇన్నాళ్ళూ ఏరి పారేసినవాటిలో ఉందా ఇది! నాకు ఒక్కముక్క చెప్పకుండా ఎంత పని చేశావమ్మా! ఏరి, జత చూసి, దీనికిచ్చి పెంచమన్నావా?" ముసలాయన మొహం వెలిగిపోతోంది. ఆవిడ ఔననలేదు, కాదనలేదు. "గుర్తు ఎవరిదో పేరు వారిది. మన ఇంట్లో మొదట్నుంచీ అంతే," అంటూ ఆయన నడుము నుంచి తాళంచెవి విప్పి, వెతుక్కుని, ఆవిడ అరచేతిలో పెట్టి వేళ్ళు మూశాడు. "నీ చేతికి కోడి పలుకుతుందని నేను ఆనాడే అన్నాను."

చిన్నకోడలు ఏదో అనబోయి నోరు తెరిచింది. అంతలో ఆయన, "పెద్దమ్మాయ్, చిన్నదాన్ని నా కుర్చీ ఇటు వేయమను," అన్నాడు. ఆ పిల్ల నోరు మూసుకుని కుర్చీ తేవడానికి వెళ్ళింది. మొట్టమొదటిసారి, నవ్వకుండా వెళ్ళింది.

ఆ పూట పెద్దకోడలు ఎంత సంబరపడాలో అంతా పడింది. తాళంచెవిని కొంగున ముడివేసుకుని, నాలుగు అడుగులకొకసారి తడిమి చూసుకుంది. మొగుడు మెచ్చుకున్నాడు. దాణా కొట్టాయన కబురు విని మరీ వచ్చి మెచ్చుకున్నాడు. మధ్యాహ్నం పొదుగు గది తలుపు తనే తీసి, మామగారి స్టూలు మీద తనే కూర్చుంది. పై విడతకు గుడ్లు సర్దాలి. ఏ గుడ్లు? తన కోళ్ళవి పెడితే మళ్ళీ సగమే. అవతలివి పెడితే అన్నీ నీలివి వస్తాయి, కానీ ఎందుకు వస్తాయో తనకు తెలియదు. రేపు మామగారు పక్కన కూర్చోబెట్టుకుని, "ఎలా కనిపెట్టావమ్మా?" అని అడిగితే? తాళంచెవి ఉన్నట్టుండి బరువెక్కింది. తెలిసినది మాత్రం అవతలి దొడ్లో ఉంది, నవ్వడం మానేసి.

పొద్దు వాలుతుండగా వల దగ్గరికి వెళ్ళింది. తెరలు విప్పేసి ఉన్నాయి. చిన్నకోడలు నల్లపెట్టల్ని ఒక్కొక్కటిగా బుట్టల్లోకి ఎక్కిస్తోంది. చుక్కలపుంజు అప్పటికే ఒక బుట్టలో ఉంది.

"ఏం చేస్తున్నావే?"

"మీ గుర్తువి కదక్కా. మీవి మీకు పంపిస్తున్నా," అంది ఆ పిల్ల తలెత్తకుండా. ఏడ్చినట్టుంది, ముక్కు ఎర్రగా ఉంది.

పెద్దకోడలు కాసేపు అటూ ఇటూ చూసింది. అడగక తప్పదు. "ఎలా చేశావే అసలు?"

"మొదట్లో చేసిందేం లేదు. మీరిచ్చిన వాటిలో బతికిన పుంజు ఈ చుక్కలదొక్కటే. పెట్టలేమో నల్లవి. ఉన్నవాటినే జత కట్టాను. అన్నీ నీలివి వచ్చేసరికి నాకే మతిపోయింది. తర్వాత కూర్చుని ఆలోచించాను." అద్దకం తొట్ల ఊసు వచ్చేసరికి ఆ పిల్ల గొంతులో కాస్త జీవం వచ్చింది. "మా నాన్న నల్లరంగు తొట్టిలో ఎంత నీళ్ళు పోస్తే ఎంత పలచనవుతుందో చూస్తూ పెరిగాను కదా. కోడిలోనూ అలాంటి పలచన చేసే గుణం ఒకటుందక్కా. పిల్లకి తల్లి ఒక వాటా ఇస్తుంది, తండ్రి ఒక వాటా ఇస్తాడు. నల్లదాని దగ్గర ఆ పలచన లేనే లేదు, ఏం ఇస్తుంది? చుక్కలదాని దగ్గర రెండు వాటాలూ పలచనే, ఇవ్వకుండా ఎలా ఉంటుంది? అందుకని పిల్లకి ఎప్పుడూ ఒక్క వాటాయే పడుతుంది. ఒకటి పడితే నలుపు పలచనై నీలం. రెండూ పడితే నలుపు విరిగిపోయి చుక్కలు."

"మరి నీలానికి నీలం కడితే?"

"నీలిదాని దగ్గర పలచనది ఒక వాటా, లేనిది ఒక వాటా. ఏది ఇస్తుందో చెప్పలేం. తల్లీతండ్రీ ఇద్దరూ ఇస్తే చుక్కలది. ఇద్దరూ ఇవ్వకపోతే నల్లది. ఒకరిచ్చి ఒకరివ్వకపోతే నీలం. అందుకే ఎప్పుడూ సగమే. దోషం కాదక్కా, ఏరిపారేస్తే పోయేది కాదు. ఎంత గొప్ప నీలిపుంజును తెచ్చి పెట్టినా సగమే." అప్పుడు తలెత్తి చూసింది. "మా పుంజును పెట్టుకున్నా అంతే."

పెద్దకోడలికి తల కొట్టేసినట్టయింది. చిన్నకోడలు చివరి బుట్ట మూత తీసి చూపించింది. లోపల నీలిపుంజు. ఎడమకాలికి చిల్లు.

"ఇదీ మీదేగా. ఆనాడు బజారు నుంచి వచ్చేసరికి మా దొడ్లో ఉంది. ఆ సాయంత్రమే కాలు చూశాను."

"తెలిసీ... ఎందుకు ఊరుకున్నావే? మామయ్యతో చెబితే నా పని అయిపోయేదిగా!"

"చెబితే మీరు దీన్ని తిరిగి తీసుకుపోతారు." చిన్నకోడలి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "వచ్చిన కొత్తలో అడిగాను, ఒక నీలి జత ఇమ్మని. ఎంత ఎదురుచూశానో! మీరు బుట్ట పట్టుకుని వస్తుంటే ప్రతిసారీ ఈసారైనా నీలిది ఉంటుందేమో అనుకునేదాన్ని. మీరంటే నాకు ఎంత కుళ్ళో మీకు తెలీదక్కా. మామయ్య నోట్లో ఎప్పుడూ మీ మాటే. నేను ఎదురుగా నిలబడ్డా నన్ను మీతోనే పిలిపిస్తారు. ఈ ఇంటికి వచ్చి ఇన్నాళ్ళయింది, ఒక్కసారి, ఒక్కసారి నన్ను నోరారా పిలవలేదు. మీ చేతి నీలికోడి ఎలాగూ ఇవ్వరు, దొంగదారినైనా ఒకటి వచ్చిందిలే అని దాచుకున్నాను." కొంగుతో ముక్కు తుడుచుకుని, ఏడుపులోనే ఫక్కున నవ్వింది. "దొంగసొమ్ము నాది, దొంగ మీరు!"

పెద్దకోడలు నవ్వలేదు. ఆవిడకు సిగ్గేసింది, నిజమే. కానీ సిగ్గు కంటే ముందు ఇంకొకటి తోసుకొచ్చింది. నన్ను చూసి కుళ్ళుకునేవాళ్ళు కూడా ఉన్నారా? ఈ దాణా వాసన చీరను చూసి? ఒక్క క్షణం అది తియ్యగా ఉంది. మరుక్షణం, ఇన్నాళ్ళూ ఆ బుట్టల కోసం ఎదురుచూసిన కళ్ళు గుర్తొచ్చాయి. ఆ తీపి కాస్తా చేదైంది.

"బుట్టలు అక్కడే ఉంచు," అని గిరుక్కున తిరిగింది.

మామగారు వసారాలో కుర్చీలో ఉన్నాడు. అడుగుల చప్పుడు విని, "రా పెద్దమ్మాయ్," అన్నాడు, "నీకోసమే చూస్తున్నా. ఎలా తట్టిందమ్మా నీకు? నాకు చెప్పు, నేను పోయేలోపు తెలుసుకోనీ."

ఆవిడ కొంగు ముడి విప్పింది. "ఆ కోళ్ళు నావే మామయ్యా," అంది. "నేను పారేసినవి. అంతకుమించి నేను చేసిందేం లేదు. చేసింది అది. ఇంకోటి కూడా ఉంది, దాని పుంజు ఒకటి నా దొడ్లో ఉంది. నేనే ఎత్తుకొచ్చాను."

ముసలాయన మసకకళ్ళు దొడ్డివైపు తిప్పి కూర్చున్నాడు.

"నేనూ పారేశానుగా అమ్మా," అన్నాడు చివరికి. "నీకు పారేయడం నేర్పిందే నేను." నిట్టూర్చి చెయ్యి చాచాడు. పెద్దకోడలు తాళంచెవిని అందులో పెట్టింది. వేళ్ళు వదలడానికి కాస్త సమయం పట్టింది.

"సరే. చిన్నదాన్ని ఇలా రమ్మను."

"నేను రమ్మనను మామయ్యా. మీరే పిలవండి."

ఆయనకు మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక గొంతు సవరించుకున్నాడు. "చిన్నమ్మాయ్!" అని కేకేశాడు. "అమ్మా, చిన్నమ్మాయ్!"

దొడ్లో ఏదో బుట్ట దొర్లిన చప్పుడు. కోళ్ళు కొక్కొక్కోమని గోల. ఆ పిల్ల కాళ్ళకు చెప్పులైనా లేకుండా పరుగెత్తుకుంటూ వస్తోంది. ఆ పిలుపులో ఉన్న మెత్తదనం పెద్దకోడలికి చెవుల్లో పడి, సరిగ్గా పాత చోటే, కడుపులో భగ్గుమంది. ఆయన తనను ఎప్పుడైనా అంత మెత్తగా పిలిచాడా? గుర్తు రాలేదు. పళ్ళు బిగించి, గడపకు అడ్డంగా ఉన్న తన కాళ్ళను తనే పక్కకు లాక్కుని, ఆ పిల్లకు దారి ఇచ్చింది.